ఒక్క విజిల్

గాలాల మా క్యాంపు మెస్ హాలు.
శుక్రవారం సాయంత్రం, కూలర్ల చప్పుడు.
నేను రాసిన నాటిక, ఇరవై నిమిషాలది.
విమానమంటే ఎనిమిది ప్లాస్టిక్ కుర్చీలు,
రెక్కలు రెండు ఇస్త్రీ బల్లలు.

పైలట్ వేషం రాజేశంది.
మెడల తువ్వాల, చెవి మీద బీడీ,
కిటికీలోంచి తల బయటపెట్టి
"జరుగుండ్రి, జరుగుండ్రి" అని మబ్బుల్ని అదిలించిండు.
విమానం ముక్కుకు నిమ్మకాయ, మిరపకాయలు.
ఎయిర్‌హోస్టెస్ వేషమేసిన పోశెట్టి
చిల్లర లేదని అందర్నీ తిట్టుకుంట
ఒక్క విజిల్ వేస్తే విమానం లేచింది.
అరేబియా సముద్రం నడిమిట్ల బండి ఆపి
"చాయ్ తాగెటోళ్లు తాగుండ్రి, పదే నిమిషాలు."
దారి తప్పి, ఎదురొచ్చిన కొంగనడిగిండు
శంషాబాద్ ఎటు తమ్మీ అని.
ఆఖర్న రెండు కండ్లు గట్టిగ మూసుకొని
"అమ్మా, నీదే భారం" అని దించిండు.

హాలు హాలంత కడుపు పట్టుకున్నది.
ఫ్లైటెక్కితే దిగేదాక చేతిపిడి వదలని మల్లేశం
అందరికన్న గట్టిగ నవ్విండు.

మూడో వరుసల కెప్టెన్ నిసార్ అహ్మద్ ఉన్నడని
నాకు ఆఖర్ల తెలిసింది.
కర్నూలాయన. బిర్యానీ ఉందంటే వచ్చిండంట.
నవ్విండో లేదో ఎవ్వరూ చూడలే.

నా డ్యూటీ పైలట్లను తీసుకపోయే వ్యాన్.
తెల్లారగట్ల రెండూ నలభైకి
అల్ ఖువైర్‌ల ఆయన బిల్డింగ్ ముందట నేను.
నాలుగు గీతల భుజాలు వెనక సీట్ల కూసున్నయి.
అద్దంల కండ్లు కనబడలే, టోపీ అంచు కనబడ్డది.
మసీదు దాటినం, పెట్రోల్ బంకు దాటినం.
తప్పయింది సార్ అనే మాట నా గొంతుల్నే ఆగింది,
గేరు పడని బండి లెక్క.

"ఏమప్పా, నాటకం రాసింది నువ్వేనంట గదా?"
అవును సార్.
"తప్పు రాసినావు."
స్టీరింగ్ మీద నా వేళ్లు బిగుసుకున్నయి.
"ఒక విజిల్ వేస్తే బండి ఆపల్ల. రెండేస్తే పోవల్ల.
నువ్వు తిప్పి రాసినావు.
మా మామ ఆదోని డిపోలో కండక్టరు, నాకు తెలీదా?"
అని, ఇంక ఆపుకోలేక,
టోపీ తీసి ఒళ్లె పెట్టుకొని నవ్విండు
ఎయిర్‌పోర్టు గేటు దాక.

దిగేటప్పుడు మాత్రం తలుపు పట్టుకొని నిలబడ్డడు.
"కండ్లు మూసుకొని దించినట్టు రాసినావే,
అది తీసెయ్. యా పొద్దూ మూసుకోలేదు నేను."

తీసేసిన.
నాటిక బాగుపడ్డదనుకున్న.

వారానికి గంగారాం దొరికిండు, డీజిల్ కొట్టించుకుంట.
క్యాంపు నుంచి సైటుకు, సైటు నుంచి క్యాంపుకు
అరవై మందిని మోసే బస్సు ఆయనది.
పన్నెండేండ్లల్ల బండి మీద ఒక్క గీత పడలే.
భుజం మీద కూడ.

నాటిక ఎట్లుందే అన్నా, అనడిగిన.
మూత తిప్పుకుంట, నా దిక్కు చూడకుండ:
"పైలట్‌ను పైలట్ లెక్క చూపెడితే ఎవ్వడు నవ్వకపోవు.
డ్రైవర్ను జేసినంక నవ్విండ్రు.
మరి ఎవర్ని ఎక్కిరించినవ్ రా?"

నేను కూడ డ్రైవర్నే గదనే, అనబోయిన.
అది జవాబో
ఇంకో జోకో తెల్వక మింగిన.

ఇయ్యాల గాలా సిగ్నల్ కాడ
నా వ్యాన్ పక్కకు ఆయన బస్సు ఆగింది.
అరవై తలలు కిటికీలకు ఆనుకొని నిద్ర.
పైన ఏదో విమానం, చక్రాలింక మడవలే.
పచ్చలైటు పడ్డది.
గంగారాం నా దిక్కు చూసి, రెండు వేళ్లు నోట్లె పెట్టి
విజిల్ వేసిండు.
ఒక్కటి.

వెనక బండ్లు హారన్లు కొడుతున్నయి.
నేనింక రెండోదాని కోసం చూస్తున్న.